అవార్డు జాబితాలో పేరు లేకపోతే అది వివక్షేనా?

తిరుపతి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల కాలేజీలో ఏటా షార్ట్ ఫిల్మ్ పోటీ పెడతారు. పోయినేడు నామినేషన్లు ప్రకటించిన రోజే గొడవ మొదలైంది. నటీనటుల జాబితాలో ఉన్నవాళ్లంతా టౌన్ పిల్లలే. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చిన టీముల్లో ఒక్కరి పేరు కూడా లేదు. దర్శకుల్లో ఒక్క అమ్మాయి కూడా లేదు. జ్యూరీని అడిగితే "మేము ప్రతిభ మాత్రమే చూశాం" అన్నారట. ఆస్కార్ల నుంచి నందుల దాకా ఇదే గొడవ, ఇదే జవాబు వింటున్నాం, ఇందులో నిజమెంత, ఈసారి ఏం చేస్తే మంచిది అని అతని ప్రశ్న.

నేను చాలా ఏళ్లు పత్రికలో సినిమా పేజీ చూశాను. మన జిల్లాల్లో జరిగే చిన్న పోటీలకు జ్యూరీలో కూర్చున్నాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

తమ్ముడూ, ముందు రెండు సంగతులు విడదీసుకో. ఒక ఏడాది ఒకరి పేరు రాకపోవడం వేరు. ఏళ్ల తరబడి ఒకే రకం మనుషుల పేర్లు రాకపోవడం వేరు. మొదటిదాన్ని పట్టుకుని వివక్ష అని తేల్చలేం. రెండోదాన్ని చూసి కూడా ప్రతిభ లేక రాలేదని సర్దుకుపోతే తప్పు.

మొదటిదానికి ఉదాహరణ 2024 ఆస్కార్లు. "బార్బీ"కి గ్రెటా గెర్విగ్‌కు దర్శకురాలిగా, మార్గో రాబీకి నటిగా నామినేషన్ రాలేదు. అదే సినిమాలో నటించిన రయన్ గోస్లింగ్‌కు వచ్చింది. ప్రపంచమంతా అన్యాయం అని కేకలు వేసింది. కానీ ఆ ఏడాది దర్శకుల ఐదుగురిలో జస్టీన్ ట్రియే అనే మహిళ ఉంది. ఉత్తమ నటి జాబితాలో లిలీ గ్లాడ్‌స్టోన్ ఉంది, ఆ విభాగంలో నామినేషన్ పొందిన తొలి అమెరికన్ ఆదివాసీ ఆమే. గెర్విగ్‌కు రచనలో, రాబీకి నిర్మాతగా నామినేషన్లు వచ్చాయి కూడా. ఉన్నవి ఐదు కుర్చీలు, ఆరో మనిషి ఎవరైనా బాధపడాల్సిందే. ఇలాంటి చోట మనం నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలి. ప్రతి దానికీ వివక్ష అంటే, నిజంగా వివక్ష ఉన్న చోట మన మాట ఎవరూ వినరు.

ఇక కుర్చీలు ఎలా నిండుతాయో తెలిస్తే సగం విషయం అర్థమవుతుంది. ఆస్కార్లలో నటుల నామినేషన్లకు నటుల విభాగం వాళ్లే ఓటేస్తారు. వాళ్లు సుమారు 1,300 మంది. ఒక్కొక్కరు తమకు నచ్చిన పేర్లు వరుసగా రాస్తారు. మొత్తం ఓట్లలో ఆరో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే నామినేషన్ ఖాయం. అంటే అందరూ ఓటేసినా దాదాపు 218 మంది మొదటి పేరుగా రాస్తే చాలు. అందరూ "బాగానే ఉంది" అనుకున్న నటి కంటే, కొద్దిమంది మాత్రం "ఈమే" అని పట్టుబట్టిన నటి ముందుకొస్తుంది. పద్ధతిగా చూస్తే ఇందులో తప్పేమీ లేదు. చిక్కంతా ఆ పట్టుబట్టే కొద్దిమంది ఎవరు, వాళ్లకు ఎవరితో పరిచయాలున్నాయి అనే దగ్గర వస్తుంది.

2023లో ఇది కళ్లకు కట్టింది. "టు లెస్లీ" అనే చిన్న సినిమాకు ఆండ్రియా రైజ్‌బరోకు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. ఆ సినిమా చూసినవాళ్లే తక్కువ. ఓటింగ్ సమయంలో పేరున్న నటీనటులు ఒకరి వెంట ఒకరు ఆమె గురించి రాశారు, మాట్లాడారు. అదే ఏడాది గట్టిగా వినపడిన డేనియల్ డెడ్‌వైలర్, వయోలా డేవిస్ పేర్లు జాబితాలోకి రాలేదు. ఇద్దరూ నల్లజాతి నటీమణులు. ఆస్కార్లు ఇచ్చే సంస్థ అకాడమీ విచారణ జరిపింది, నామినేషన్ రద్దు చేయలేదు. రైజ్‌బరో నటన మంచిదే, నాకు అందులో సందేహం లేదు. అయితే కష్టకాలంలో ఫోన్ తీసి పదిమందికి చెప్పే స్నేహితులు ఎవరికి ఉంటారో, ఎవరికి ఉండరో ఆలోచించు. అక్కడ ఎవరూ "ఫలానా జాతివాళ్లకు ఓటెయ్యం" అనుకోనక్కర్లేదు. తెలిసిన ముఖాలనే తలుచుకుంటే సరిపోతుంది, ఫలితం అలాగే వస్తుంది.

ఇక రెండో రకం. 2015లో ఆస్కార్ నటనా విభాగాలు నాలుగింటిలో ఇరవైకి ఇరవై పేర్లూ తెల్లవాళ్లవే. ఏప్రిల్ రీన్ అనే ఆవిడ మొదలుపెట్టిన హ్యాష్‌ట్యాగ్‌తో విషయం బయటికి వచ్చింది. 2016లో మళ్లీ ఇరవైకి ఇరవై. అంతకుముందే 2012లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రిక అకాడమీ ఓటర్ల వివరాలు తవ్వి తీసింది. 94 శాతం తెల్లవాళ్లు, 77 శాతం మగవాళ్లు. ఈ లెక్క చేతిలో ఉంటే 2015 జాబితా చూసి ఆశ్చర్యపడాల్సిన పని లేదు. 2016 జనవరిలో అకాడమీ, 2020 నాటికి మహిళా సభ్యుల సంఖ్యనూ ఇతర జాతుల సభ్యుల సంఖ్యనూ రెట్టింపు చేస్తామని ప్రకటించి, బయటి దేశాల నుంచి కూడా చాలామందిని చేర్చుకుంది.

కానీ నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా కనిపించేది బ్రిటన్ బాఫ్టా అవార్డులు. 2020లో అక్కడా నటనలో ఇరవైకి ఇరవై తెల్లవాళ్లే. దర్శకుల జాబితాలో మహిళ లేకపోవడం అది వరుసగా ఏడో ఏడు. వాళ్లు నెలల తరబడి సమీక్ష చేసి పద్ధతి మార్చారు. సభ్యులు ఓటు వేసే ముందు తమకు కేటాయించిన పదిహేను సినిమాలు చూసి తీరాలన్నారు. నామినేషన్ల కంటే ముందు ఒక పొడవైన జాబితా తెచ్చారు. దర్శకుల పొడవు జాబితాలో ఆడవాళ్లూ మగవాళ్లూ సమానంగా ఉండాలన్నారు. ఆ జాబితా నుంచి చివరి పేర్లు తేల్చే దగ్గర ప్రత్యేక జ్యూరీని కూర్చోబెట్టారు. 2021లో ఏమైందో చూడు: నటనలో 24 నామినేషన్లలో 16 శ్వేతేతరులకు వచ్చాయి. దర్శకుల్లో ఆరుగురికి నలుగురు మహిళలు. కోవిడ్ వల్ల పెద్ద సినిమాలు కొన్ని వాయిదా పడటం కూడా దీనికి కొంత కారణమే. అయినా ఒక్క ఏడాదిలో ఒక జాతి మొత్తానికి ప్రతిభ పుట్టుకు రాదు కదా. ఉన్న ప్రతిభను చూడాల్సిన వాళ్లు చూశారు, అంతే. "మేము ప్రతిభ మాత్రమే చూశాం" అన్న జ్యూరీని నేను మొదట అడిగేది అదే: అన్నీ చూశారా? పూర్తిగా చూశారా?

ఇక్కడ చాలామందికి ఒక భయం ఉంటుంది, ఇదంతా రిజర్వేషన్ లాంటిదేమో అని. అన్ని వర్గాలవాళ్లకూ చోటు ఉండాలంటూ ఆస్కార్లలో ఉత్తమ చిత్రానికి 2024 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల గురించి మన దగ్గర తప్పుడు ప్రచారం బాగా జరిగింది. నిజానికి అవి ఉత్తమ చిత్రం విభాగానికే. నాలుగు ప్రమాణాల్లో రెండు నెరవేరితే చాలు. తెర మీద ఎవరున్నారు అనేది అందులో ఒకటి మాత్రమే. మిగతావి సాంకేతిక బృందం, శిక్షణ, మార్కెటింగ్ ఉద్యోగాల వంటివి. పెద్ద స్టూడియోలకు ఇదేం కష్టం కాదు. ఎవరి నటనకూ మార్కులు కలిపేది లేదు, తీసేది లేదు. నా అభిప్రాయంలో ఆ నిబంధనలు మరీ మెత్తనివి.

సరే, మన ఇంటి సంగతికి వద్దాం. జాతీయ అవార్డుల్లో బయటికి ప్రకటించే నామినేషన్ జాబితా ఉండదు. నిర్మాత ఎంట్రీ పంపాలి, ప్రాంతీయ జ్యూరీలు చూసి సిఫారసు చేయాలి, ఆపైన కేంద్ర జ్యూరీ తేల్చాలి. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో జనానికి తెలియదు. 2021 సినిమాలకు ఇచ్చిన 69వ జాతీయ అవార్డుల్లో "జై భీమ్"కు ఒక్కటీ రానప్పుడు అంత బాధ కలగడానికి ఇదీ ఒక కారణం. ఒక గిరిజన మహిళ న్యాయపోరాటం కథ అది. అది చివరిదాకా వెళ్లి ఓడిందా, మొదట్లోనే పక్కన పెట్టారా, ఎవరూ చెప్పరు. కారణం చెప్పని చోట జనం తమ కారణాలు తామే అల్లుకుంటారు, దానికి జనాన్ని తప్పు పట్టలేం. 71వ అవార్డుల్లో సహాయ నటి అవార్డు అందుకున్న ఊర్వశి కూడా, అసలు ఏ లెక్కన ముఖ్య పాత్ర, ఏ లెక్కన సహాయ పాత్ర అని బాహాటంగా అడిగింది. అవార్డు వచ్చినా అడిగింది చూడు, అందుకే ఆమె మాటకు బరువు ఎక్కువ.

ఆస్కార్‌కు మన దేశం తరఫున సినిమాను ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. "ఆర్ఆర్ఆర్" వచ్చిన ఏడాది వాళ్లు గుజరాతీ సినిమా "ఛెల్లో షో"ను పంపారు. "నాటు నాటు" గెలిచింది వేరే దారిలో, అమెరికాలో విడుదలై మామూలు విభాగంలో పోటీ పడి. అప్పుడు మనవాళ్లు ఉత్తరాది పక్షపాతం అని చాలా మాట్లాడారు. తెలుగు నుంచి అధికారికంగా వెళ్లింది కె. విశ్వనాథ్ గారి "స్వాతిముత్యం" అని గుర్తు చేసుకున్నారు. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ 2024లో జరిగిందానికి ఇంకా ఎక్కువ మాట్లాడాల్సింది, తెలుగునాట ఆ ఊసే తక్కువ. పాయల్ కపాడియా తీసిన "ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్" కాన్స్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి తెచ్చుకుంది. ఫెడరేషన్ దాన్ని కాదని "లాపతా లేడీస్"ను పంపింది. రెండూ ఆడవాళ్లు తీసినవే, ఆడవాళ్ల గురించినవే. ఎంపిక చేసిన జ్యూరీలో మాత్రం పదముగ్గురూ మగవాళ్లే. అదే ఏడాది ఒక దళిత బాలిక హత్య చుట్టూ తిరిగే హిందీ సినిమా "సంతోష్" బ్రిటన్ తరఫున వెళ్లి పదిహేను సినిమాల షార్ట్‌లిస్ట్‌లో చేరింది. "లాపతా లేడీస్" చేరలేదు. తర్వాత "సంతోష్"కు మన సెన్సార్ దగ్గర విడుదల ఆగిపోయింది. మన ఊళ్ల కథ బయటి దేశం జెండా పట్టుకుని వెళ్లాల్సి రావడం నన్ను నిజంగా కలచివేసింది.

నందుల గొడవ గురించి ఎక్కువ రాయను. 2017లో మూడేళ్ల అవార్డులు ఒకేసారి ప్రకటించినప్పుడు పార్టీ, కులం అంటూ ఎంత రచ్చ జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆ తర్వాత నందులు ఆగిపోయాయి. అప్పుడు వాట్సాప్‌లో అందరూ విజేతల ఇంటిపేర్లు లెక్కపెట్టారు. ఆ లెక్కలో నిజం లేకపోలేదు. కాకపోతే గెలిచినవాళ్ల దగ్గరే ఆగిపోతే ప్రయోజనం లేదు. నిర్మాణం ఎవరి చేతిలో ఉంది, థియేటర్లు ఎవరి చేతిలో ఉన్నాయి, కొత్త కుర్రాడికి మొదటి అవకాశం ఎవరిస్తున్నారు అనే దాకా లెక్కపెట్టాలి. సినిమాలో వేషమే దొరకని మనిషికి నామినేషన్ ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇప్పుడు నీ ప్రశ్నకు నేరుగా తగిలే చోటుకు వస్తున్నాను.

ఉత్తమ నటుడి జాతీయ అవార్డు 1967 సినిమాల నుంచి ఇస్తున్నారు. తెలుగు నటుడికి మొదటిసారి వచ్చింది 2021 సినిమాలకు, "పుష్ప"లో అల్లు అర్జున్‌కు. తెలుగు సినిమాల్లో నటించిన ఆడవాళ్లకు మాత్రం ఎప్పుడో వచ్చింది: "నిమజ్జనం"కు శారద, "దాసి"కి అర్చన, "కర్తవ్యం"కు విజయశాంతి, తర్వాత "మహానటి"కి కీర్తి సురేష్. "పుష్ప" మాట మన చిత్తూరు మాట. శేషాచలం కొండలు, ఎర్రచందనం, "ఏం చేస్తా ఉండావు" అనే మన పలుకు దేశమంతా వినపడింది. నేనూ సంతోషించాను. 2024 సినిమాలకు తెలంగాణ ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో ఉత్తమ నటి నివేదా థామస్, తిరుపతిలో జరిగే కథ "35 చిన్న కథ కాదు"కు. బాగా చేసింది, అర్హురాలు.

ఇద్దరూ బయటినుంచి వచ్చి మన పాత్రలు చేశారు. అది తప్పని అనను, నటన అంటేనే ఇంకొకరిగా మారడం. కానీ నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. బయటివాడు మన యాస మాట్లాడితే జ్యూరీ దాన్ని శ్రమ అంటుంది, పరకాయ ప్రవేశం అంటుంది. మనవాడు అదే యాసలో అంతకంటే బాగా చేస్తే "వాడు అలాగే మాట్లాడతాడు కదా, అందులో నటించిందేముంది" అంటుంది. ఈ మాట నేను జ్యూరీ గదుల్లో నా చెవులతో విన్నాను. మన ప్రాంతంలోనే ఒక పోటీలో, పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూలీకి వెళ్లే తల్లిగా నటించింది. బిడ్డకు ఫీజు కట్టలేనని చెప్పే సీన్‌లో ఒక్క కన్నీటి చుక్క లేకుండా గొంతుతో చేసింది. నేను ఆ పేరు కోసం చాలాసేపు వాదించాను. "సహజంగా ఉంది, కానీ పెర్ఫార్మెన్స్ కనిపించలేదు" అని పక్కన పెట్టారు. ఆ ఏడాది బహుమతి వచ్చింది గట్టిగా ఏడ్చిన పాత్రకు. మీ పోయినేటి జాబితాలో పలమనేరు, పుంగనూరు పేర్లు లేకపోవడానికి కారణం ఇదే అయ్యుండటానికి అవకాశం చాలా ఉంది. జ్యూరీలో చెడ్డవాళ్లు ఉండనక్కర్లేదు. కనిపించే కష్టానికే మార్కులు వేసే అలవాటు ఉంటే చాలు.

మన దగ్గర నటులు లేరా? చిత్తూరు పల్లెల్లో భారతం జరిగే పద్ధతి చూడు. పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషం కట్టిన మనిషి తపస్సు మాను అనే పొడవాటి స్తంభం ఎక్కుతూ పద్యాలు పాడతాడు. అంత ఎత్తున, ఒంటి మీద వేషంతో, కింద వేలమంది చూస్తుండగా. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు వీధి వీధి తిరుగుతారు. "పుష్ప 2"లో ఆ జాతర చూసి దేశం చప్పట్లు కొట్టింది. ఆ వేషాలు తరతరాలుగా కట్టేవాళ్లలో ఎంతమందిని ఎవరైనా ఆడిషన్‌కు పిలిచారు? ఒకప్పుడు చిత్తూరు రంగస్థలం నుంచి సినిమాకు దారి ఉండేది. నాగయ్య గారు వేరే జిల్లాలో పుట్టినా చిత్తూరు నాటకాలే ఆయనకు చిత్తూరు నాగయ్య అనే పేరు తెచ్చాయి. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ దారి ఇప్పుడు దాదాపు మూసుకుపోయింది. మీ పోటీ లాంటివి దాన్ని కొంచెమైనా తెరవగలవు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక ఏం చేయాలి. "ఉత్తమ గ్రామీణ నటుడు", "ఉత్తమ యాస" అని వేరే బహుమతులు పెట్టొద్దు. చాలామంది మొదట అదే సలహా ఇస్తారు. అలా చేస్తే పల్లె పిల్లలకు పక్క గది చూపించినట్టవుతుంది, అసలు బహుమతి ఎప్పటిలా టౌన్‌కే పోతుంది. అసలు విభాగంలోనే వాళ్లను సరిగా చూడాలి.

జ్యూరీలో ఐదుగురు ఉంటే కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. ఒకరు వీధినాటకం లేదా జానపదం తెలిసినవాళ్లు ఉండాలి, డిగ్రీ లేకపోయినా పర్వాలేదు. పోటీలో తమ విద్యార్థి గానీ బంధువు గానీ ఉంటే ఆ సినిమా మీద చర్చ జరిగేటప్పుడు బయటికి వెళ్లాలి, ఇది ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వచ్చిన ప్రతి సినిమాను అందరూ చివరిదాకా చూడాలి. లింకులు పంపి ఇళ్లలో చూసుకోమంటే సగం మంది మూడు నిమిషాల తర్వాత ఆపేస్తారు, నేను చూశాను. ఒక హాలు తీసుకుని రెండు రోజులు కలిసి చూడండి.

మార్కులు వేసి సగటు తీసే పద్ధతి దయచేసి మానండి. ఒక సినిమాకు ముగ్గురు 7, 7, 7 వేశారనుకో. ఇంకోదానికి 9, 9, 3 పడ్డాయి. సగటు రెండింటికీ 7 వస్తుంది. మొదటిది ఎవరినీ కదిలించలేదు. రెండోది ఇద్దరిని కదిలించింది, ఒకరికి అస్సలు నచ్చలేదు. ఆ ఒకరికి ఎందుకు నచ్చలేదు అన్న చర్చ జరగాలి, సగటు ఆ చర్చను మింగేస్తుంది. మార్కులకు బదులు ఒక్కొక్కరు ఐదు పేర్లు వరుసగా రాయండి. దాంతోపాటు ప్రతి సభ్యుడికీ ఒక పేరును ఎవరి ఒప్పుకోలూ లేకుండా పొడవు జాబితాలోకి తెచ్చే హక్కు ఇవ్వండి. కూలీ తల్లిగా నటించిన ఆ పల్లె అమ్మాయి లాంటివాళ్లు అలాగే నిలబడతారు.

"సహజంగా ఉంది" అని ఎవరైనా ఒక పేరు కొట్టేస్తే, అది ఎందుకు లోపమో రెండు వాక్యాలు రాసిమ్మని అడుగు. రాయడానికి కూర్చుంటే చాలామంది మనసు మార్చుకుంటారు. జాబితాలోకి రాని టీములకు కూడా కారణం నాలుగు మాటల్లో పంపండి. పేరు రాలేదన్న బాధ ఎలాగూ ఉంటుంది, అసలు చూడనే లేదన్న అనుమానం మాత్రం పోతుంది.

అమ్మాయి దర్శకుల సంగతి జ్యూరీతో తేలేది కాదు. ముందు పోయినేటి ఎంట్రీలు తీసి, ఎన్ని అమ్మాయిలు తీసినవో లెక్కపెట్టు. అవే ఒకటో రెండో ఉంటే ఎంత మంచి జ్యూరీ అయినా ఏమీ చేయలేదు. పద్మావతి మహిళా యూనివర్సిటీకి, మహిళా పాలిటెక్నిక్‌లకు, మదనపల్లె, పలమనేరు కాలేజీలకు మీరే వెళ్లి చెప్పాలి. ఎంట్రీ ఫీజు తీసేయండి. మీ కాలేజీ కెమెరా, ఎడిటింగ్ సిస్టమ్ వారం రోజులు వాడుకోనివ్వండి, రాత్రిళ్లు ఇంటికి వెళ్లాల్సినవాళ్ల కోసం పగటి పూటే ఇవ్వండి. గడువుకు కనీసం రెండు నెలల ముందు ఈ పని మొదలుపెట్టాలి, లేకపోతే ఈ ఏడాదికి ఎంట్రీలు రావు.